అడిగినమ్మ కోన

పూర్వం, ఈ కోనకు ఇంకా ఏ పేరూ పడని కాలంలో, తూర్పు కొండల నడుమ రాళ్లవాగు ఒడ్డున అశోకాంబ అనే దేవి చిన్న రాతిగుడిలో కొలువై ఉండేది. గుడి ముంగిట ఒక అశోకవృక్షం, వెనుక దట్టమైన అడవి, వాగుకు ఆవలి గట్టున ముప్పై గడపల పల్లె, ఇంతే ఆనాటి క్షేత్రవైభవం. ఆ పల్లెలో రాళ్లు కొట్టి జీవించే కేతయ్య అనేవాడి భార్య బాచమ్మ ప్రతి ఉదయం వాగు దాటి వచ్చి, దేవి ముంగిలి అలికి ముగ్గు పెట్టడమే తన జన్మకు దక్కిన కైంకర్యంగా భావించేది. ఆచారం ప్రకారం నెలకు నాలుగు రోజులు తప్ప, ఇరవై ఏళ్లలో ఆమె ఆ సేవ మానింది లేదు.

ఆమెకు ముప్పై ఎనిమిదో ఏడు నడుస్తుండగా ఆ నాలుగు రోజులు ఎనిమిదయ్యాయి, ఎనిమిది పదిహేనయ్యాయి, చివరకు ఏది ముట్టో ఏది కాదో తెలియని స్థితి వచ్చింది. పొత్తికడుపు నాలుగో నెల గర్భిణికి వలె గట్టిగా ఎత్తుకొచ్చింది. "మళ్లీ కడుపా బాచమ్మా, ఎన్నో నెల?" అని ఇరుగుపొరుగు నవ్వుతూ పలకరిస్తే, తలవంచుకొని వెళ్లిపోయేది. గుడ్డలు ఉతుక్కోవడానికి వాగులో ఎవరూ రాని మలుపు వెతుక్కునేది. కనురెప్పల లోపలి ఎరుపు పోయి తెల్లబడింది. నాలుగు అడుగులు వేస్తే గుండె దడదడలాడేది.

కేతయ్య మంచివాడు. నీళ్లు తానే మోసుకొచ్చేవాడు. భార్య నానాటికీ క్షీణించడం చూడలేక, రెండు రోజులు నడిచి దుర్గానికి వెళ్లి, కాళ్లావేళ్లా పడి రాజవైద్యుణ్ణి పిలుచుకొచ్చాడు. ఆ వైద్యుడు పండితుడే గాని, ఇటువంటి సంగతులు స్త్రీతో ముఖాముఖి మాట్లాడటం మర్యాద కాదని తెర కట్టించి, నాడి మాత్రం పట్టి చూసి, తక్కిన ప్రశ్నలన్నీ కేతయ్యను అడిగాడు. భార్య తనతో ఏనాడూ చెప్పుకోని వాటికి అతడేమని బదులిస్తాడు? "వేడి చేసింది" అని వైద్యుడు ఏదో చూర్ణం ఇచ్చి వెళ్లాడు. స్రావం ఆగలేదు.

అర్చకుడు విస్సయ్య ఆచారనిష్ఠ గలవాడు, కఠినుడు మాత్రం కాడు. ఒకనాడు ఆయన వాగు దాటకముందే బాచమ్మను ఆపి, "నెలకు నాలుగు రోజులంటే సర్దుకున్నాం తల్లీ. ఇప్పుడు నువ్వు రాగలిగే రోజులే నాలుగయ్యాయి. ముగ్గు పని మరొకరికి అప్పగిస్తాను, నువ్వు ఇంటిపట్టున ఉండు" అన్నాడు.

"అట్లాగే అయ్యా" అని ఆమె వెనుదిరిగింది. ఆ రోజు ఆమె అన్నం ముట్టలేదు. బతుకు పోతుందన్న భయం కన్న, అమ్మ వాకిలి పోయిందన్న బాధే ఆమెను ఎక్కువగా కుంగదీసింది.

మరునాడు కేతయ్య రాళ్లగుట్టకు వెళ్లిన తరువాత, ఎవరో ముసలామె గుమ్మంలో నిలబడి దాహమడిగింది. లేవబోయిన బాచమ్మ కళ్లు తిరిగి గోడ పట్టుకోగా, ఆ ముసలామె ఆమెను కూర్చోబెట్టి, తానే నీళ్లు ముంచుకొని తాగి, ఎదురుగా చతికిలబడింది.

"ఎన్నాళ్లుగా తల్లీ ఇది?"

"ఏడాది దాటింది."

"రోజుకు ఎన్ని గుడ్డలు మారుస్తున్నావు?"

ఈ మాట తనను అడిగినవారు అంతవరకు ఎవ్వరూ లేరు. బాచమ్మ నేల చూస్తూ, "ఆరు. ఒక్కోనాడు పది" అన్నది.

"గడ్డలు పడుతున్నాయా?"

"ఉసిరికాయంతవి. నడుము నుంచి తొడల దాకా ఒకటే లాగుడు."

"కాన్పులెన్ని? పోయినవి ఉన్నాయా?"

"ముగ్గురు బతికి ఉన్నారు. ఒకటి మూడో నెలలోనే పోయింది. ఆ సంగతి మా ఆయనకు కూడా చెప్పలేదు" అని బాచమ్మ, ఏడాదిగా ఏడవని ఏడుపంతా ఏడ్చింది. ముసలామె తొందరపెట్టలేదు. ఆమె ఏడ్చినంతసేపు ఏడవనిచ్చి, ఆపైన పడుకోబెట్టి, పొత్తికడుపు మీద మెల్లగా చేయి ఒత్తి చూసింది.

"గర్భాశయం పెరిగింది, లోపల కణుతులున్నాయి. ఇట్లా అదుపు లేకుండా నెత్తురు పోవడాన్ని అసృగ్దరమంటారు. ఇది రోగమే గాని నువ్వు చేసిన పాపం కాదు. కణుతులు ఒక్కనాటితో కరిగిపోవు. ముట్టుడిగే వయసు దాకా కొంత ఉంటాయి. నెత్తురు మాత్రం అదుపులోకి తెస్తాను. నువ్వు బరువులెత్తకు, ఆవాలూ మిరియాలూ తగ్గించు, పాతబియ్యపు అన్నం, పాలు, దానిమ్మ తిను."

అంటూ కొంగున కట్టిన అశోకపట్టను తీసి, ఒక పలమంత దంచి, ఎనిమిది పలాల పాలు, ముప్పైరెండు పలాల నీళ్లు చేర్చి, నీరంతా ఇగిరి పాలు మిగిలేదాకా సన్నని సెగ మీద కాచి, చల్లార్చి తాగించింది. అది మొదలు ప్రతి ఉదయం వచ్చేది. ప్రతి ఉదయం అడిగేది, వినేది, కాచేది.

అక్కడ గుడిలో విస్సయ్యకు ఒక వింత ఎదురైంది. అభిషేకవేళ దేవి కుడిచేతి వేళ్లు ఎర్రగా, పట్ట ఒలిచినవారి వేళ్లలా కనిపించాయి. చింతపండుతో తోమినా రంగు పోలేదు. ముంగిటి అశోకానికి ఉత్తరం వైపున జానెడు మేర పట్ట లేచి ఉంది. ఎవరి పనో తేల్చుకుందామని ఆయన మరునాటి ఉదయం మండపస్తంభం పక్కన నిలిచి చూడగా, ఒక వృద్ధురాలు పట్ట ఒలుచుకొని వాగులోకి దిగింది. మోకాటిలోతు నీళ్లలో నడిచినా ఆమె చీర అంచు తడవలేదు. ఆయన వెంట నడిచి, బాచమ్మ గుమ్మం దగ్గర ఆగి, లోపలి మాటలన్నీ విన్నాడు.

వృద్ధురాలు వెనక్కి తిరగకుండానే అన్నది: "విస్సయ్యా, ఇరవై ఏళ్లు ఈమె నా ముంగిలి అలికింది. ఒంట్లో ఎట్లా ఉందమ్మా అని ఒక్కనాడైనా అడిగావా?"

ఆయన గడప దగ్గరే చేతులు జోడించాడు.

"ఈ నెత్తురు లేకుండా పుట్టినవాడు లేడు. అది మైలయితే నేను తల్లినెట్లా అవుతాను?"

ఆ మాటతో ఆమె కూర్చున్న చోట సగం దంచిన పట్ట, రోకలి మాత్రమే మిగిలాయి. విస్సయ్య కండువా నడుముకు బిగించి, లోపలికి వెళ్లి, రోకలి అందుకొని, మిగిలిన పట్టను తానే దంచాడు. ఆ తరువాత మూడు నెలలు బాచమ్మకు మందు అందించినవాడు ఆయనే.

నాలుగో నెలకు స్రావం అయిదు రోజులకు కుదుటపడింది. ఏడాదికి ఆమె ముఖాన రక్తపు కళ తిరిగి వచ్చింది. కడుపు ఎత్తు కొంత నిలిచే ఉండి, దేవి చెప్పినట్టే, ముట్టుడిగాక మెత్తబడింది. బాచమ్మ మళ్లీ వాగు దాటి ముగ్గు పెట్టడం మొదలుపెట్టిన రోజున, ఇక ఈ సన్నిధికి ఏ స్త్రీ అయినా ఏ రోజైనా రావచ్చునని విస్సయ్య పల్లెకంతటికీ వినిపించేలా ప్రకటించాడు. బాచమ్మ డెబ్భై ఏళ్లకు పైగా జీవించి, తాను పొందిన మందును, అంతకు మించి ఆ అడిగే విధానాన్ని తన కోడళ్లకు నేర్పింది.

భక్తులు దేవతలను అడుగుతారు. ఇక్కడ దేవతే భక్తురాలిని అడిగింది గనుక ఆమె అడిగినమ్మ అయింది, ఇది అడిగినమ్మ కోన అయింది. దేవి కుడిచేతి వేళ్లు నేటికీ ఎర్రగానే ఉంటాయి. చైత్రమాసంలో అశోకాష్టమి నాడు చెట్టు నిండా పూలుండగా జరిగే జాతరలో, బాచమ్మ వంశంలో పెద్దదైన స్త్రీ మండపంలో చాప పరచుకొని కూర్చుంటుంది. ఒక్కొక్కరినే పిలిచి, అన్నీ అడగకుండా ఎవరికీ పట్ట ఇవ్వదు. విన్నదాన్ని బట్టి కొందరిని పట్నం ఆసుపత్రికే వెళ్లమంటుంది. తక్కిన ఆడవాళ్లు ఆ మాటలు వినపడనంత దూరంగా, వాగు గట్టున కూర్చుంటారు. ఒక్కొక్కరికి ఎంతసేపు పట్టినా, ఎండ నెత్తికెక్కినా, త్వరగా కానీయమని అక్కడ ఎవరూ అనరు.