తుమ్మెద మరిచిపోయిన సంగతి

ఒకానొక రాజ్యంలో, పేరు మాత్రం అడక్కండి, ఆ వంశంవాళ్లు ఇంకా మీసాలు దువ్వుకుంటూ తిరుగుతున్నారు, ఉద్దండ భూపతి అని ఒక ప్రభువు ఉండేవాడు. ఆయన దర్జా చూసి తీరాలి! ప్రభువులు తుమ్మినా ముందుగా బిరుదులన్నీ చదవాల్సిందే.

ఆ ఏడు దసరా ఊరేగింపుకు ప్రభువు తుమ్మెద అనే నల్లగుర్రం ఎక్కి అంగడివీధిన బయల్దేరాడు. మేడమీద పొరుగురాజు కూర్చుని ఉన్నాడు. ఆయన తన ఠీవి చూస్తున్నాడా లేదా అని మనవాడు కళ్లెం వదిలేసి వెనక్కి తిరిగాడు. ఇంతలో తుమ్మెదకు ఎదురుగా పచ్చగడ్డి మోపు కనబడింది. టక్కున ఆగి తల వంచింది. ప్రభువు దాని మెడ మీదుగా జారి పక్కనున్న వంకాయల గంపలో పడ్డాడు.

ఒంటికి దెబ్బ తగల్లేదు. తగిలినా బాగుండేది, నాలుగు రోజుల్లో మానిపోయేది. తగిలింది పరువుకాయె!

మర్నాడే దండోరా వేయించాడు. రాజ్యంలో ఎవరూ వంకాయ పండించకూడదు, వండకూడదు, ఆ పేరే ఎత్తకూడదు. దాంతో జనం "ఆ కాయ" అనడం మొదలుపెట్టారు. అన్నప్పుడల్లా కిసుక్కున నవ్వడం కూడానూ. ఖర్మ కాకపోతే, ఆ దండోరాయే లేకుంటే పదిరోజుల్లో అందరూ మరిచిపోయేవాళ్లు. కొలువులో ప్రభువు రోజూ ఆ కథే ఎత్తేవాడు, మంత్రులు రోజూ మొహాలు వేలాడేసుకుని "అయ్యో" అనేవాళ్లు.

చివరికి ఒకనాడు కోపం పట్టలేక, "రేపు ఆ గుర్రాన్ని నరికించండి! దాన్ని పెంచిన సైదుల్ని పొలిమేర దాటించండి!" అని ఆజ్ఞ ఇచ్చేశాడు.

సైదులు ఏడుస్తూ గుండన ఇంటికి పరుగెత్తాడు. గుండన ఆ కొలువులో హాస్యగాడు.

"అయ్యా, బిడ్డలా సాకాను. నన్ను ఏ అడవికి తోలినా సరే, తుమ్మెదను బతికించండి."

"ఊరుకో సైదులూ. రేపు దాన్ని తోమి తీసుకురా. పొద్దుటి మేత మాత్రం పెట్టకు."

మర్నాడు కొలువులో గుండన చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "ప్రభూ, నేరం గుర్తున్నవాడికే శిక్ష వేయాలని తమ తాతగారి కట్టడి. గుర్రానికి గుర్తుందో లేదో తేల్చవద్దా?"

"గుర్తులేకపోవడమేమిటి! నా మొహం చూస్తే గజగజ వణకదూ? వణక్కపోతే వదిలేస్తాను, పో!"

"న్యాయం చెప్పే వేళ మెడ బోసిగా ఉండకూడదు ప్రభూ," అంటూ గుండన గరిక, మరువం కలిపి కట్టిన లావుపాటి దండ వేశాడు.

ప్రభువు కళ్లెర్రజేసి, మీసం మెలేసి, సైదులు తోలుకొచ్చిన తుమ్మెద ఎదుట నిలబడ్డాడు. సైదులు కళ్లు మూసుకున్నాడు. తుమ్మెద ప్రభువును ఒకసారి వాసన చూసింది. తర్వాత ఆయన భుజం మీద మూతి ఆనించి తాపీగా దండ నమలసాగింది.

"ఎంత పొగరు! నన్నంత అవమానించి, ఏమీ ఎరగనట్టు మేస్తుందా? మాటా లేదు గీటా లేదు, నరకండి!"

గుండన అడ్డం వచ్చాడు. "దానికి ఆనాడు గడ్డి, ఈనాడు దండ. ఆ కాయల గంప దాని బుర్రలో ఎక్కడుంది ప్రభూ? మరి తమకో?"

"నాకా? నిన్న జరిగినట్టుంది!"

"అదే నా బాధ. తుమ్మెద తమర్ని ఒక్కసారే పడేసింది. ఆనాటి నుంచి తమరు రోజూ పడుతున్నారు, ఈ సింహాసనం మీద నుంచే. రోజూ లేపలేక మేం చస్తున్నాం. ఒక్కసారి పడేసినదానికి తల తీయిస్తే, రోజూ తమను తామే పడేసుకునేవారికి ఏం శిక్ష వేయమంటారు?"

అనేశాక గుండన తన మెడ తడుముకున్నాడు.

ప్రభువు మొహం కందగడ్డ అయింది. సరిగ్గా అప్పుడే తుమ్మెద దండంతా మేసేసి, ఆయన చెవి దగ్గర తలపాగా కొస అందుకుంది. కితకితలు పుట్టి ప్రభువు మీసం వణికింది. ఆపుకుందామనుకున్నాడు, ఆగలేదు. పకపకా నవ్వేశాడు.

"ఒరే సైదులూ, జీను వెయ్యి!"

అప్పటికప్పుడే ఎక్కి కోట చుట్టూ తిరిగాడు. ఎవరెవరు చూస్తున్నారో అని ఒకచోట మెడ తిప్పబోతే తుమ్మెద ఠక్కున నిలబడిపోయింది.

"సరే తల్లీ, ముందుకే చూస్తాను, పద!"

దిగగానే, "గుండనా, రేపు నీకు నిండు సభలో సన్మానం," అన్నాడు.

"రేపటి గుగ్గిళ్లకు ఇవాళ ఏ గుర్రమైనా నోరు తెరుస్తుందా ప్రభూ?"

ప్రభువు మళ్లీ నవ్వి, అక్కడికక్కడే మెడలోని హారం తీసి అతని మెడలో వేశాడు. "పద, నా పక్కనే భోంచేద్దువుగాని." వంటవాడు ఏం వండమంటారని అడిగాడు. ప్రభువు కాసేపు మీసం దువ్వుకున్నాడు.

"గుత్తివంకాయ."

"పండించవద్దన్నారు కదా, రాజ్యంలో ఎక్కడ దొరుకుతాయి ప్రభూ?"

మంత్రిగారు గొంతు సవరించుకున్నారు. "తప్పు క్షమించాలి. మా పెరట్లో నాలుగు మొక్కలున్నాయి." సేనాపతి పెరట్లోనూ ఉన్నాయట. పురోహితుడి పెరట్లో అయితే కాపు విరగకాసిందట!

ప్రభువు పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ పూట కొలువంతా గుత్తివంకాయతో భోంచేసింది. తుమ్మెదకు మాత్రం ఇంకో దండ ఇచ్చారు.