తల తిప్పని జడతల్లి

మొగలిగట్టు కనుమలో బస్సు దిగిన భక్తులకు మొదట కనిపించేది అమ్మవారి వీపు. కంగారు పడవద్దు, మీరు దారి తప్పి గుడి వెనక్కి రాలేదు. శ్రీ జడతల్లి అమ్మవారు కొండరాతికి ముఖం పెట్టి, మనకు వీపు చూపి కూర్చుని ఉంటారు. ముఖదర్శనం ఎన్ని గంటలకని కౌంటరులో అడగవద్దని మనవి. చెప్పి చెప్పి మా నోళ్లు నొప్పెట్టాయి. ఆ ముఖం ఈనాటివారెవరూ చూడలేదు. బయట అమ్మే పటాల్లో ఉన్నది చిత్రకారుడి మేనత్త ముఖమని అంటారు. ఇక్కడ దర్శనమైనా, అలంకారమైనా, హారతైనా జడకే. రాతి తల నుంచి మెట్ల దాకా వేలాడే గోగునార జడను దువ్వి, అల్లి, పూలు చుట్టడమే పూజ.

పూర్వం ఇక్కడ, ఈ కనుమ పైన, ఉగ్రసింగడనే దొర కోట ఉండేది. కింద దిగువపాలెం. కోటలో చుక్క నీరు పడదు కనుక పాలెం ఆడవాళ్లే రోజూ కుండలతో మోసుకొచ్చి కోటవారి గొంతు తడిపేవారు. అయినా పాలెంవారి నీడ పడితే కోటవారు స్నానం చేసేవారు. వారు తెచ్చిన నీళ్లకు లేని మైల వారి నీడకు ఎలా వచ్చిందో ఆ దొరకే తెలియాలి. పైవారు కిందివారి మీద మనసుపడితే మరణమే శిక్ష. మనుషులను కాపలా పెడితే జాలిపడతారని, దొర ఒక రాక్షసిని మంత్రంతో కట్టి తెచ్చి, పాలెం వైపు ముఖం పెట్టించి కనుమలో కూర్చోబెట్టాడు. ఆమె చూపు పడితే మనిషి బూడిదే. నెత్తిన కుండ ఉన్నవారిని మాత్రం వదిలిపెట్టాలని ఆజ్ఞ. లేకపోతే దొర దాహంతో పోవాలి కదా.

నీళ్లు మోసేవారిలో నూకాలు అనే పిల్ల ఒకతె. దొర తమ్ముడి కొడుకు ముమ్మడి. నీళ్ల తొట్టి దగ్గర వీరిద్దరి మనసులు కలిశాయి. పాలెం వెళ్లి బతుకుదామనుకున్నారు. ముమ్మడి కూడా ఒక కుండ నెత్తిన పెట్టుకుని దిగిపోవచ్చు కదా అని భక్తులు అడుగుతుంటారు. ఆ మాత్రం వారికీ తోచింది. ముమ్మడి పెరట్లో అభ్యాసం చేశాడు. పుట్టిన దగ్గర్నుంచి నెత్తిన తలపాగా తప్ప మరొకటి మోసినవాడు కాడు. నాలుగడుగులకొక కుండ చొప్పున ఇంట్లో ఉన్నవన్నీ పగలగొట్టాడు. ఆ చప్పుడుకే దొర వచ్చి ఆరా తీశాడు. సంగతి బయటపడింది.

మరునాడు మిట్టమధ్యాహ్నం నూకాలును కుండ లేకుండా రాక్షసి ముందు నిలబెట్టమని దొర ఆజ్ఞాపించాడు. చూసి బుద్ధి తెచ్చుకోమని కోటవారందరినీ రాక్షసి వెనక నిలబెట్టాడు. ముమ్మడిని ఇద్దరు భటులు పట్టుకున్నారు. తీరా నూకాలును ముందుకు తోయడానికి ఎవరూ కదలలేదు. తోసినవాడు కూడా రాక్షసి కంట పడతాడు కదా. "నువ్వే నడిచి వెళ్లమ్మా, మాకూ పిల్లలున్నారు" అని ఒక భటుడు బతిమాలాడు.

నూకాలు కళ్లు తనకు వీపు పెట్టి కూర్చున్న రాక్షసి తల మీద పడ్డాయి. వస్తూ పోతూ రోజూ చూసే తలే. ఏళ్ల తరబడి నూనె లేదు, దువ్వెన లేదు, జుట్టంతా అట్టలు కట్టింది. పేలు కరుస్తుంటే ఆ మహాకాయం రెండు చేతులతో గోక్కుంటోంది. చావు ఎలాగూ తప్పదు, ఆ దురదైనా తీర్చి పోదామనుకుందో ఏమో, నూకాలు కొప్పులోని దువ్వెన తీసి ఆమె వెనక కూర్చుంది.

"ఎవరే అది?" అని రాక్షసి తల తిప్పబోయింది. కోటవారికి పైప్రాణాలు పైనే పోయాయి. నూకాలు ఆమె నడినెత్తిన దువ్వెనతో ఒక్కటి మొట్టి, "తల తిప్పకు. పాయ చెదిరిపోతుంది" అంది.

రాక్షసి తిప్పలేదు. జడ వేసేటప్పుడు తల తిప్పకూడదని ఆమెకూ తెలుసు. ఆమెనూ ఒక తల్లి కన్నది. అమ్మ పోయాక ఆ తలను తాకిన చెయ్యి ఇదే. కాసేపటికి రాక్షసి కళ్లు మూసుకుంది. మూసిన రెప్పల కింద నుంచి నీళ్లు కారాయి.

భటులు నోళ్లు వెళ్లబెట్టారు. ముమ్మడి చెయ్యి విడిపించుకున్నాడు. నూకాలు అతనికి పొమ్మని సైగ చేసింది. అతను పోనన్నాడు. ఇద్దరూ పోవాలంటే దువ్వెన ఆగుతుంది. ఆగితే రాక్షసి కళ్లు తెరుస్తుంది. ముమ్మడి దువ్వెన తీసుకుని ఒక్క చిక్కు లాగాడు. రాక్షసి గుర్రుమంది. నూకాలు గబుక్కున లాక్కుంది.

అప్పుడు కోటవారి గుంపులో నుంచి దొర భార్య ఎర్రమాంబ వచ్చింది. పెళ్లయిన నాటి నుంచి ఆమె దొర ఎదుట పెదవి విప్పి ఎరగదు. నూకాలు పక్కన చతికిలబడి, పాయను చేతిలోకి తీసుకుని, "నేను దువ్వుతాను. మీరు వెళ్లండమ్మా" అంది. కోడలిని పుట్టింటికి పంపుతున్నంత మామూలుగా అంది.

ఇద్దరూ చేతులు పట్టుకుని కనుమ దిగసాగారు. దొర వెనక నుంచి అరిచాడు. భార్యను తిట్టాడు, భటులను తిట్టాడు. ఎర్రమాంబ చెయ్యి పట్టుకుని లాగడానికి మాత్రం ధైర్యం చాలలేదు. "కళ్లు తెరువు, వాళ్లను చూడు" అని రాక్షసిని గద్దించాడు. "ఉండు, జడ అవుతోంది" అందామె. దొరకు ఒళ్లు మండిపోయింది. ఎలాగూ కళ్లు మూసుకునే ఉంది కదా అని, ఎన్నడూ వెళ్లనివాడు, ముందుకు వెళ్లి ఆమె గడ్డం పట్టి కుదిపాడు. ఆ సరికి జంట మలుపు దాటిపోయింది. ఎవరా అని రాక్షసి కళ్లు తెరిచింది.

తరువాత అక్కడ గుప్పెడు బూడిద ఉంది.

"ఎవరో వచ్చినట్టున్నారు" అంది రాక్షసి.

"ఎవరూ లేరు. తల తిప్పకు" అంది ఎర్రమాంబ.

దొరతోపాటే మంత్రం కట్టు తెగింది. రాక్షసి ఎక్కడికైనా పోవచ్చు. పోలేదు. "రేపు కూడా వస్తావా?" అని ఎర్రమాంబను అడిగింది. "నేను రాలేని రోజు ఇంకొకరు వస్తారు" అని ఆమె మాటిచ్చింది. ఇక తన చూపు ఎవరి మీదా పడకూడదని రాక్షసి తానే కొండరాతి వైపు తిరిగి కూర్చుంది. నాటి నుంచి ఆమె మన అమ్మవారు.

నేటికీ ఆ మాట నిలుస్తోంది. పెద్దలు ఒప్పుకోని జంటలు ఇక్కడికి వచ్చి కనుమ దిగుతారు. వెంటపడి వచ్చిన పెద్దలను దేవస్థానం వారు ఆపరు, దువ్వెన చేతికిస్తారు. మరొకరు వచ్చి అందుకునేదాకా వదలకూడదన్నది నియమం. అమ్మవారి జడ దువ్విన ఇంట పిల్లలు దూరం కారని నమ్మకం. మొన్న వానాకాలంలో ఒక తండ్రి దుడ్డుకర్రతో కూతురినీ, ఆమె మనసుపడిన కుర్రాడినీ తరుముకుంటూ వచ్చారు. దువ్వెన ఇచ్చాం. ఆ వానకు భక్తులెవరూ రాలేదు. తిట్టుకుంటూనే పొద్దు వాలేదాకా దువ్వారు. కింద మలుపు దగ్గర నిలబడి చూస్తున్న కూతురు ఉండబట్టలేక పైకి వచ్చి, "చేతులు పీకుతున్నాయా నాన్నా, ఇటివ్వు" అంది. ఆయన దువ్వెన ఇచ్చి, "ఎడమ పాయ వదులైంది, చూసి అల్లు" అన్నారు. ముగ్గురూ కలిసి అన్నదానంలో భోంచేసి వెళ్లారు. ఆ దుడ్డుకర్ర కార్యాలయంలోనే ఉండిపోయింది. కావలసినవారు వచ్చి తీసుకువెళ్లగలరని మనవి.