దివాను బొటనవేలు

పూర్వం ఒక రాజు ఇంటింటికీ ఇత్తడి కొళాయి పెట్టించాడు. దివాను అనుమతి లేకుండా మరమ్మతుకైనా దాన్ని విప్పితే కొరడా దెబ్బలే. వీరలచ్చమ్మ కొళాయి కారి కారి మట్టిగోడ నానిపోయింది. ఎంత మొరపెట్టుకున్నా దివాను పట్టించుకోలేదు. ఈసారి తేల్చుకోవాల్సిందేనని ఆమె, నీళ్లు కారకుండా కొళాయిలో వేసే తోలుబిళ్లను కొంగున ముడేసుకుంది.

భటులతో తనిఖీకొచ్చిన దివాను మండిపడ్డాడు. "రాజుగారి నీళ్లు ఒక్క బొట్టు కూడా పోకూడదు!"

"నేను ముట్టకూడదు కదా దొరా, మీరే ఆపండి."

భటులు చూస్తుండగా దివాను బొటనవేలు అడ్డుపెట్టాడు. ఆమె తాపీగా గోడకు మట్టి మెత్తసాగింది. వేలు తిమ్మిరెక్కింది.

"వదిలితే రాజుగారి నీళ్లు పోతాయి దొరా!"

"నువ్వే విప్పి బాగుచెయ్యవే!"

"మరి అనుమతి?"

"ఇచ్చాను!"

"ఇంకాస్త గట్టిగా చెప్పండి. వీధిలో అందరి కొళాయిలూ కారుతున్నాయి."