ఏస్తేరు తెచ్చిన పెద్ద కానుక

అనగనగా ఏటిగట్టున ఒక ఊరు, ఆ ఊళ్ళో తాటాకు కప్పిన చిన్న ప్రార్థన మందిరం.

కోతల పండుగనాడు ఊరివాళ్ళు తమ పెరట్లో కాసిన కాయా కసరూ తెచ్చి అక్కడ దేవుడికి అర్పించేవారు. అందరిలోకీ పెద్ద గుమ్మడికాయ తెచ్చిన ఇల్లాలే మొదటి పాట ఎత్తాలి. అది వాళ్ళ ఆనవాయితీ. ఏటా ఆ కాయ సువార్తమ్మదే, ఆ పాటా సువార్తమ్మదే. ఊరంతా తనవైపు చూస్తుంటే, అబ్బో, ఆవిడ నేలమీద నిలిచేది కాదు!

ఆ ఏడు పక్కింటికి ఏస్తేరు అనే కొత్త కోడలు వచ్చింది. వచ్చీరాగానే ఓ గుమ్మడి గింజ పాతింది. తీగ పాకమీదికి ఎగబాకింది. కాయ కాసింది. చూస్తుండగానే బిందెంత అయింది.

సువార్తమ్మ కళ్ళలో నిప్పులు పోసుకుంది. "నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల! నా పాట పాడుతుందా?" అని తిండి మానేసింది.

మొదట తన మేకను ఏస్తేరు పెరట్లోకి తోలింది. తీగేమో పాకమీద ఉందాయె! మేక తలెత్తి చూసి, నోరూరించుకుని, తిరిగొచ్చేసింది.

తర్వాత కాలవ నీళ్ళు అటు పోకుండా గట్టు వేసింది. ఆ సాయంత్రమే జోరున వాన కురిసింది. సువార్తమ్మకి ఒళ్ళు మండిపోయింది.

ఇక పండుగ దగ్గర పడింది. ఓ రోజు తెల్లవారుతుండగా సువార్తమ్మ కొడవలి పట్టుకెళ్ళి తీగ మొదలంటా కోసేసింది. అంతలో తలుపు చప్పుడైంది. కొడవలి అక్కడే వదిలేసి పరుగు తీసింది. పిడికి ఎర్రగుడ్డ చుట్టిన ఆ కొడవలి ఎవరిదో ఊళ్ళో చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు.

తీగ వాడిపోయింది. కాయ కుళ్ళిపోయింది. కొడవలి దొరికినా ఏస్తేరు ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. "నలుగురిలో నా పరువు తీయడానికే కొడవలి దాచింది. ఇక ఈ జన్మలో నన్ను పాట ఎత్తనివ్వరు" అని సువార్తమ్మ బెంగపడింది.

పండుగ వచ్చింది. ఏటా ఆ రోజు పాస్టరుగారు గుమ్మంలో నిలబడి ప్రతివాళ్ళనీ ఒకే మాట అడిగేవారు. ఎవరితోనైనా తగువుంటే కానుక బయటే పెట్టి, వాళ్ళతో సమాధానపడి, ఆ తర్వాతే లోపలికి రావాలి.

ఏస్తేరు బుట్టమీద గుడ్డ కప్పి తెచ్చింది. వెనకే సువార్తమ్మ, చంకలో పెద్ద గుమ్మడికాయ, కళ్ళన్నీ ఆ బుట్టమీదే.

"ఎవరిమీదైనా మనసులో ఏమన్నా ఉందామ్మా?" అని అడిగారు పాస్టరుగారు.

"పొద్దున్నదాకా ఉందయ్యగారూ. ప్రార్థన చేసుకుని దించేసుకున్నాను," అంది ఏస్తేరు.

బుట్టలోంచి గుడ్డలో చుట్టిన ఓ మూట తీసి సువార్తమ్మ చేతిలో పెట్టింది. ఆవిడకి మాత్రమే వినపడేలా, "మీ కొడవలి వదినా. పదును పెట్టించాను. ఇంటికెళ్ళాక విప్పండి," అంది. బుట్టలో మిగిలింది గుప్పెడు మునగాకు. అదే పట్టుకుని లోపలికి వెళ్ళింది.

సువార్తమ్మకి ముందు ఒళ్ళు మండింది. చూడండి చోద్యం, ఇప్పుడు ఆ పిల్ల మంచితనం చూసి కూడా కుళ్ళుకుంది! "ఇందులోనూ నన్ను మించిపోయిందే!" అనుకుంది. అనుకుని, తన గుమ్మడికాయ వంక చూసుకుంది. అంత పెద్ద కాయా ఆ మునగాకు ముందు చిన్నబోయింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"నీకేమన్నా ఉందా సువార్తమ్మా?"

లేదని అంటే చాలు, పాట తనదే. కానీ కాయను గుమ్మం బయట దించేసింది. మూట విప్పి కొడవలి అందరికీ చూపించింది.

"ఏస్తేరూ! తీగ కోసిన పాపిష్టిదాన్ని నేనేనే. నన్ను క్షమించు తల్లీ!" అని భోరుమంది.

ఏస్తేరు గబగబా వచ్చి ఆవిడ కన్నీళ్ళు తుడిచింది. "ఎప్పుడో క్షమించాను వదినా. కాయ ఎత్తండి, పాటకి వేళవుతోంది."

"ఈ ఏడు పాట నీదే," అంది సువార్తమ్మ.

ఏస్తేరు పాట ఎత్తింది. పాపం, ఆ పిల్ల గొంతు అంతంతమాత్రమే. ఆ సంగతి సువార్తమ్మకి లోపల్లోపల కాస్త హాయిగానే అనిపించింది. అయినా గొంతు కలిపి, ఆ పాట పడిపోకుండా చివరిదాకా మోసింది.

పిల్లలూ, ఎదుటివారి తప్పు మన చేతికి చిక్కినప్పుడు, దాన్ని నలుగురికీ చూపకుండా ప్రేమతో వాళ్ళకే తిరిగి ఇచ్చేయడమే దేవుడు మెచ్చే పెద్ద కానుక.