జగ్గరాజుగారి చీనా కూజా

సోమసుందరానికి తోడల్లుడి మీద అనుమానం. తన గురించి నలుగురిలో లేనిపోనివి చెప్పాడని రెండేళ్లుగా మాటలు మానేశాడు. "ఆయన తప్పు లేదని ఋజువైతే ఈ క్షణమే వెళ్లి పలకరిస్తాను. అందాకా ఆగడం న్యాయమే కదా, గురువుగారూ?" అని అడిగాడు. పూర్ణయ్యగారు అడిగినదానికి సూటిగా జవాబు చెప్పే మనిషి కాదు. ఆ రోజూ చెప్పలేదు. జగ్గరాజుగారి కూజా సంగతి ఎత్తుకున్నారు.

జగ్గరాజుగారింట్లో తాతలనాటి చీనా కూజా ఒకటి ఉండేది. లేత పాచిరంగు పింగాణీ. ఎరిగినవాళ్లు సెలడాన్ అంటారు. అందులో విషం పడితే పగుళ్లిస్తుందని ఆ ఇంట్లో గట్టి నమ్మకం. అందుకే రాజుగారి మంచినీళ్లు అందులోనే పోసేవారు. ఒకనాటి పొద్దున ఆయనకు కూజా ఒళ్లంతా వెంట్రుకల్లాంటి గీతలు కనిపించాయి. నీళ్లు పోసినవాడు వంటవాడు కామేశం. రాజుగారు పెద్దమనిషి, నోరు తెరిచి అడగలేదు. పనిలోంచి తీసెయ్యనూ లేదు. ఆ పూట నుంచి ప్రతి వంటకం ముందు కామేశాన్నే తినమనేవారు, అంతే. ఆ పెద్దరికం కంటే రెండు చెంపదెబ్బలు నయం. కామేశానికి అర్థం కాకపోలేదు. మానేసి వచ్చెయ్యమని భార్య పోరినా, వెళ్లిపోతే నిజమేననుకుంటారని ఉండిపోయాడు. అలా పదకొండేళ్లు గడిచాయి.

చివరికి ఆ కూజా కంటబడితే చాలు ముద్ద దిగక, రాజుగారు దాన్ని మద్రాసులో వేలానికి పెట్టారు. రాజుగారి వెంట కామేశమే దాన్ని రైల్లో ఒళ్లో పెట్టుకుని తీసుకెళ్లాడు. వేలంశాలలో పాత పింగాణీ ఎరిగిన పెద్దాయన ఒకరు దాన్ని అటూ ఇటూ తిప్పి, ఆ గీతల్ని చూసి మురిసిపోయారు. అవి ఆవంలో కాల్చినప్పుడే పైపూతలో పడ్డవనీ, ఆరువందల ఏళ్ల నాటివనీ, ఇంత సన్నంగా పడడం అరుదనీ చెప్పారు. విషం మాట ఎత్తితే నవ్వేశారు. రాజుగారికి అప్పుడు గుర్తొచ్చింది, ఆ గీతలు కనిపించింది తాను మొదటిసారి కళ్లద్దాలు పెట్టుకున్న వారంలోనని.

పాట ఎంతదాకా పోయిందో ఆయన వినలేదు. బసకు వచ్చి పీట మీద కూర్చున్నారు. కామేశం అలవాటు కొద్దీ ముద్ద తన నోటికి ఎత్తుకోబోతే చెయ్యి పట్టుకున్నారు.

"ముందు నాకు పెట్టు, కామేశం. తప్పు నాది," అన్నారు.

కామేశం తువ్వాలుతో కళ్లు తుడుచుకుంటూనే వడ్డించాడు. గుండెల మీద బరువు దిగిపోయి, ఆ పూట ఇద్దరూ కడుపునిండా తిన్నారు.

విని సోమసుందరం కూడా హమ్మయ్య అనుకున్నాడు. "చూశారా, ఋజువు దొరికాకనే కదా తేలింది! ఆ పెద్దాయన చెప్పకపోతే కామేశం గతేమిటి?" అన్నాడు.

"పదకొండేళ్లు రెండు పూటలా కామేశం వండిందే తిని నిక్షేపంగా ఉన్నారు రాజుగారు," అన్నారు పూర్ణయ్యగారు. "ఆ పెద్దాయన కొత్తగా చెప్పిందేముంది, నాయనా?"