ఉస్తాద్‌కి గురిపెట్టిన రోజు

సలోమి వరసగా రెండేళ్ళు ఒకే రకం షాట్ దగ్గర ఓడిపోయింది.

ఆమె కాజీపేటలో రైల్వే పార్సిల్ ఆఫీసులో గుమాస్తా. పగటి డ్యూటీ దిగగానే స్కూటీ మీద ఉద్యోగుల క్లబ్బుకు వచ్చేది. అక్కడ వెనక హాల్లో ఒక పూల్ బల్ల ఉంది. ఆ బల్ల మీద ఆమెను గెలిచేవాళ్ళు లేరు. కానీ రాష్ట్ర జట్టులో నలుగురు ఆడవాళ్ళకే చోటు. ఎంపిక పోటీల్లో రెండుసార్లూ చివరి ఆట వరకూ వచ్చి ఆగిపోయింది.

రెండుసార్లూ వచ్చింది ఒకే ఇరుకు. రంగు బంతి బల్ల అంచుకు దగ్గరగా ఉంటుంది. బంతిని వేయాల్సిన పాకెట్ దూరంగా, ఎడమ మూలన ఉంటుంది. క్యూ కర్రతో కొట్టే తెల్ల బంతి ఆ రంగు బంతిని కుడి అంచున రాసుకుంటూ పోవాలి. కాగితమంత ఎక్కువ తగిలినా పడదు, తక్కువ తగిలినా పడదు.

దానికి సలోమి ఒక పద్ధతి నేర్చుకుంది. తెల్ల బంతిని నడిమధ్య కొట్టదు. బాగా కుడి అంచున, ఇంకొంచెం పక్కకు పోతే క్యూ జారిపోయేంత అంచున కొడుతుంది. అప్పుడు బంతి బొంగరంలా తిరుగుతూ పోతుంది. ఆటగాళ్ళు దాన్ని సైడ్ అంటారు. అయితే అట్లా కొట్టిన బంతి క్యూ చూపించిన దారిన పోదు. ముందు కొంచెం ఎడమకు జరుగుతుంది. పోను పోను మళ్ళీ కుడికి వంగుతుంది. అందుకని అది ఎంత జరుగుతుందో, ఎంత వంగుతుందో అంచనా వేసుకుని, కావాలనే పక్కకు గురిపెట్టాలి.

పడితే చూడముచ్చటగా ఉండేది. రంగు బంతి బల్ల గట్టు వెంట పాకినట్టు పోయి పాకెట్లో దిగేది. తెల్ల బంతి మూడు అంచులు తాకి బల్ల మధ్యకు వచ్చి నిలబడేది. క్లబ్బులో వాళ్ళు చప్పట్లు కొట్టేవాళ్ళు. దానికి సలోమి కట్ అని పేరు కూడా పెట్టారు. ఆమెకు ఆ పేరు ఇష్టం. మామూలుగా కొట్టినా పడే బంతుల్ని కూడా ఒక్కోసారి అట్లానే కొట్టేది.

పడకపోతే మాత్రం ఎందుకు పడలేదో తెలిసేది కాదు. ఒకసారి ఇటు పోయేది, ఒకసారి అటు. పదింట్లో నాలుగు పడేవి.

మూడో ఏడు ఎంపికలకు నెల రోజులుందనగా ఆమె యాకూబ్ సాహెబ్ దగ్గరికి వెళ్ళింది.

ఆయన ఆ క్లబ్బులో నలభై ఏళ్ళు మార్కరుగా పనిచేశాడు. బల్లలు తుడవడం, స్కోరు చెప్పడం, జోడీ దొరకని వాళ్ళతో తనే ఆడటం ఆయన పని. ఎందరో ఆఫీసర్లు ఆయన దగ్గరే ఆట నేర్చుకుని బదిలీలై పోయారు. నీటికాసుల జబ్బుతో చూపు పోయి ఆరేళ్ళయింది. వెలుతురూ నీడా తప్ప ఏమీ తెలియదు. అయినా రోజూ మధ్యాహ్నం వచ్చి కిటికీ పక్కన కుర్చీలో కూర్చునేవాడు. చప్పుడు విని, బంతి పాకెట్లో నేరుగా పడిందో, అంచు కొట్టుకుని పడిందో చెప్పేవాడు.

"ఉస్తాద్, సైడ్ పెట్టి కొట్టేటప్పుడు ఎంత పక్కకు గురిపెట్టాలె? అదొక్కటి చెప్పండి చాలు" అంది సలోమి.

"కొట్టు బిడ్డా, వింట" అన్నాడు ఆయన.

ఇరవై సార్లు కొట్టింది. ఎనిమిది పడ్డాయి.

"ఇప్పుడు చెప్పండి."

"ఛాయ్ తాగుదాం" అన్నాడు.

మర్నాడు కూడా అంతే. ఆ తర్వాత కూడా అంతే.

మూడో వారంలో ఆమె ఒక నోటుపుస్తకం తెచ్చింది. అందులో యాభైకి పైగా బొమ్మలు. తెల్ల బంతి ఇక్కడుంటే గోరంత పక్కకు, ఇంకా దూరముంటే వేలి మందం, మెల్లగా కొడితే ఇంత, గట్టిగా కొడితే ఇంత. అన్నీ వివరంగా రాసుకుంది.

"చదువు" అన్నాడు యాకూబ్ సాహెబ్.

ఆమె మొదటి నుంచి చివరి దాకా చదివింది. ఆయన ఒక్క పేజీ కూడా వదలకుండా విన్నాడు. మధ్యలో రెండు చోట్ల మళ్ళీ చదివించుకున్నాడు.

"మంచిగ రాసినవ్" అన్నాడు.

ఆ మాటతో సలోమికి కోపం వచ్చింది. పుస్తకం మూసేసింది.

"నాకు ఇంక వారమే ఉన్నది ఉస్తాద్. మీకు తెల్సి కూడా చెప్తలేరు. ఈసారి కూడా పోతే నేను ఆట బంద్ చేస్త. ఆఫీసు, ఇల్లు చూసుకుంట."

ఆయన కుర్చీలోంచి లేచాడు.

"ఆ అల్మారాల నా క్యూ ఉంటది. తీస్కరా."

దాన్ని ఆరేళ్ళుగా ఎవరూ బయటికి తీయలేదు. ఆమె తుడిచి చేతికిచ్చింది. ఆయన కొసను బొటనవేలితో తడిమి చూశాడు. చాక్ అడిగి తీసుకుని, తొందర లేకుండా కొసకు రుద్దాడు.

"ఆ షాటే పెట్టు."

పెట్టింది.

"ఇప్పుడు నాకు నువ్వు గురిపెట్టు."

"నాకు గురి తెల్వదనే కదా ఉస్తాద్, మిమ్మల్ని అడుగుతున్నది!"

"తెల్సినంత పెట్టు."

సలోమి ఆయన మణికట్టు పట్టుకుని ఎడమ చేయిని బల్లకు పరిచిన గుడ్డ మీద ఉంచింది. వేళ్ళు వాటంతటవే వంగి క్యూకు దారి చేసుకున్నాయి. కొసను తెల్ల బంతి కుడి అంచుకు తెచ్చి ఆపింది. వెనక్కి వెళ్ళి, వంగి, ఒక కన్ను మూసి చూసింది. వెంట్రుకవాసి కుడికి జరిపింది. క్యూ ఇప్పుడు ఏ బంతినీ చూడటం లేదు. ఖాళీ గుడ్డను చూస్తోంది.

"అయ్యిందా?"

"ఆగండి."

ఇంకోసారి జరిపింది. మళ్ళీ వెనక్కి తెచ్చింది. తను కొట్టే షాట్‌ని ఎప్పుడూ అంతసేపు చూసుకోలేదు. కొట్టేది తను కాదు కనుక, చేయి తీసేశాక చేయగలిగింది ఏమీ ఉండదు.

"అయ్యింది. కానీ తప్పేమో ఉస్తాద్. చూస్తే తప్పు లెక్కనే ఉన్నది."

"చేయి తియ్యి."

తీసింది.

ఆయన క్యూని ఒకసారి వెనక్కి లాగి కొట్టాడు. తెల్ల బంతి ఎడమకు జరిగి, కుడికి వంగి, రంగు బంతిని సన్నగా తాకింది. చాలా చిన్న చప్పుడు. రంగు బంతి గట్టు వెంట పోయి పాకెట్లో పడింది. అంచు కూడా తాకలేదు.

"మళ్ళ పెట్టు" అన్నాడు ఆయన.

ఐదుసార్లు పెట్టింది. నాలుగు పడ్డాయి.

యాకూబ్ సాహెబ్ నడుము పట్టుకుని నిటారుగా నిలబడ్డాడు. ఊపిరి తీసుకున్నాడు.

"నాకు బంతి కనవడదు. పాకెట్ కనవడదు. నువ్వు ఎటు తిప్పితే అటు కొట్టిన" అన్నాడు. క్యూ ఆమె చేతికిచ్చి, తడుముకుంటూ పోయి కుర్చీలో కూర్చున్నాడు.

ఆమె అదే షాట్ పెట్టుకుని వంగింది. ఈసారి బంతిని చూడలేదు, తన చేతిని చూసుకుంది. క్యూ ముందుకు కదిలింది. బంతిని తాకడానికి సరిగ్గా ముందు మోచేయి చిన్నగా లోపలికి తిరిగింది. పక్కకు చూస్తున్న క్యూ, రంగు బంతి వైపు మళ్ళింది.

ఎవరూ తిప్పమనలేదు. చేయి తనంతట తనే తిప్పింది.

బంతి ఎటో పోయింది. సలోమి దాని వంక చూడనైనా లేదు.

ఆ వారమంతా ఆమె నోటుపుస్తకం తెరవలేదు. రంగు బంతులన్నీ తీసి పక్కన పెట్టి, ఉత్త తెల్ల బంతినే కొట్టింది. గురిపెట్టేది, ఆ గురిని అట్లాగే వదిలేసేది. చూసేవాళ్ళు విసుగొచ్చి వెళ్ళిపోయారు. మామూలుగా పడే బంతుల్ని మామూలుగానే కొట్టడం మొదలుపెట్టింది. యాకూబ్ సాహెబ్ కుర్చీలో కూర్చుని వినేవాడు.

ఎంపికలు హైదరాబాదులో జరిగాయి. హాలు పెద్దది, బల్లలు కొత్తవి. రెండో రోజు చివరి మ్యాచ్‌లో మళ్ళీ అదే ఇరుకు వచ్చింది. అంచు దగ్గర రంగు బంతి, దూరంగా ఎడమ మూలన పాకెట్. వేరే దారి లేదు.

సలోమి గురిపెట్టింది. క్యూ ఖాళీ గుడ్డను చూస్తోంది. అట్లాగే చూడనిచ్చి కొట్టింది.

పడలేదు. పాకెట్ పక్క గట్టును తాకి ఆగిపోయింది. అవతలి అమ్మాయి వచ్చి మిగతావన్నీ వేసేసింది. ఆ ఆట పోయింది.

కుర్చీలో కూర్చుని సలోమి నీళ్ళు తాగింది. లేచి తర్వాతి రెండు ఆటలూ సాదా షాట్లతోనే గెలిచింది. ఎవరూ చప్పట్లు కొట్టేంత షాట్ ఒక్కటి కూడా లేదు. జట్టులో నాలుగో చోటు ఆమెకు దక్కింది.

తిరిగి వచ్చేసరికి ఆ వార్త క్లబ్బులో అందరికీ తెలిసిపోయింది. యాకూబ్ సాహెబ్ దాని గురించి అడగలేదు.

"ఆ షాట్ వచ్చిందా?" అన్నాడు.

"వచ్చింది ఉస్తాద్. పడలే."

"ఎటు తప్పింది?"

సలోమి ఆలోచించుకోలేదు. "ఎక్కువ తగిలింది. అక్కడ గుడ్డ కొత్తది, మస్తు నున్నగ ఉన్నది. తెల్ల బంతి ఎడమకు జరిగింది గానీ తిరిగి కుడికి పూర్తిగ రాలే. గోరంత తేడా. అంతే."

చెప్పాక ఆమె ఆగిపోయింది. తన నోటి నుంచి వచ్చిన మాటల్ని తనే మళ్ళీ విన్నట్టు.

ఆయన తల ఊపాడు.

"ఇన్ని దినాలకు ఒక షాట్ సరిగ్గ తప్పినవ్ బిడ్డా."