వేలు చూపిన గుమ్మడికాయ

మణిగిరి రాజు పెద్దిభూపతికి ఆ ఏడు వేట మీద మనసు పోలేదు, పాట మీదా పోలేదు. గుమ్మడికాయ మీద పోయింది.

పొరుగు రాజు నలుగురు బోయీలు మోసే గుమ్మడికాయను ఊరేగించాడట.

"దసరాకు మన కాయను ఎనిమిదిమంది మోయాలి" అన్నాడు రాజు.

తోటల అధికారి చిత్రభానుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. "అది నాకు వదిలేయండి ప్రభూ."

ఆయన ఏ పనీ తక్కువలో చెయ్యడు. పాదుకు పట్టు పందిరి వేయించాడు. కాయ కింద పరుపు పరిపించాడు. పొద్దున్నే సన్నాయి వాయింపించాడు. కాడకు గాటు పెట్టి, వత్తి దూర్చి, దాని రెండో కొస పాలచెంబులో ముంచాడు. చంటిబిడ్డకు పట్టినట్టు కాయకు పాలు పట్టాడన్నమాట.

తోటమాలి ఓబన్న ఒక్కసారి నోరు తెరిచాడు. "పాలెందుకు దొరా? తీగకు ఒక్క కాయ ఉంచి తక్కిన పిందెలు తుంచేసి, కణుపుల మీద మట్టి కప్పి, మాగిన ఎరువేస్తే చాలు."

"నీ బిడ్డకు దొరకని పాలు కాయ తాగుతోందని కుళ్ళా?" అన్నాడు అధికారి.

ఓబన్న పార భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. ఎరువుదిబ్బ పక్కన తన పద్ధతిలో ఇంకో కాయ పెంచుకున్నాడు.

దసరా దగ్గర పడింది. పట్టు పందిట్లో కాయ కుళ్ళి కూలబడింది.

చిత్రభానుడు సభలోకి పరుగెత్తాడు. "ప్రభూ, ఓబన్న పిందెను వేలు పెట్టి చూపించాడు. అందుకే కుళ్ళింది."

పిందెకు వేలు చూపిస్తే కుళ్ళుతుందని ఏ ఇంట్లో అనరు? రాజు మండిపడ్డాడు. "వాడి వేలు తీసేయండి."

రాజుగారికి ఆకువక్క అందించే రంగసాని పక్కనే ఉంది. వేలు లేని మాలి పార ఎలా పడతాడు, పిల్లలకేం పెడతాడు? కానీ కోపంలో ఉన్న రాజుకు తప్పు అని చెబితే రెండో వేలూ పోతుందని ఆమెకు తెలుసు. మామూలుకన్నా పెద్ద తమలపాకు చిలక చుట్టి అందించింది. రాజుగారి నోరు నిండింది. శిక్ష కాస్త ఆగింది.

"తోటలోనే, నలుగురి ముందూ విచారిస్తే అందరికీ బుద్ధొస్తుంది ప్రభూ" అంది.

రాజు నములుతూ తలూపాడు.

తోటకు వెళ్ళాక రంగసాని ముక్కు మూసుకుంది. "అక్కడ కంపు, ఇటు రండి" అంటూ అందరినీ ఓబన్న పెంచిన బండంత కాయ దగ్గరికి లాక్కొచ్చింది.

"అయ్యా, ఓబన్న వేలు చూపడం మీ కళ్ళతో చూశారా?" అని అధికారిని అడిగింది.

"చూడకేం" అన్నాడు చిత్రభానుడు.

"దూరం నుంచి చూపించాడా?"

"దగ్గర్నుంచే. అంత పొగరు వాడికి."

"ఆడదాన్ని, తెలీక అడుగుతున్నా. ఎలా చూపించాడు?"

"ఎలా ఏమిటే? ఇలా" అని విసుగ్గా ఎదుట ఉన్న కాయ మీదికి వేలు చాపాడు.

సభవారు నోళ్ళు నొక్కుకున్నారు. రంగసాని మెల్లగా అంది:

"ప్రభూ, ఈ కాయ కుళ్ళితే ఈ వేలూ తీయించాలి. కుళ్ళకపోతే ఓబన్న వేలికి ఏ పాపమూ లేదు."

రాజు నమలడం ఆపాడు. చిత్రభానుడు వేలు ముడిచి చెయ్యి వెనక దాచుకున్నాడు.

"వేలు చూపితే కాయలు కుళ్ళుతాయా ప్రభూ? అదంతా ముసలమ్మల మాట" అన్నాడు అధికారి.

"మరి ఆ కాయ ఎందుకు కుళ్ళినట్టు?" అన్నాడు రాజు.

పట్టు పందిరి వైపు నుంచి పులిసిన పాల వాసన వచ్చింది. వత్తి పొడుగునా చీమలు బారు తీరి ఉన్నాయి.

రాజుకు నవ్వు ఆగక తాంబూలం అంగీ మీద పడింది. ఓబన్నకు తోటల పెత్తనం ఇచ్చాడు. తన చూపుడువేలి ఉంగరం తీసి రంగసానికి ఇచ్చాడు.

"దసరాకు ఈ కాయే ఊరేగుతుంది. బోయీలు ఏడుగురు చాలు. ఎనిమిదోవాడు..." అంటూ చిత్రభానుడి వైపు వేలు ఎత్తబోయాడు.

మధ్యలో కాయ ఉంది.

రాజు చటుక్కున వేలు ముడిచి, గడ్డంతో చూపించాడు. తోటంతా నవ్వులే.